ఆనర్సు చదువు: వాల్పరేజోలో ఒక ప్రయోగము

‘ఆనర్సు’ అను మాట మన ప్రాంతపు విద్యావంతులకు చిరపరిచితమైనది. మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయములు ఒకప్పుడు నడపిన బి. ఏ. ఆనర్సు పట్టమనగా ఊరివారు గౌరవముతో చెప్పుకొనెడి వస్తువు. ఇంటరు ముగిసిన పిమ్మట పాసు కోర్సువారు రెండేండ్లు చదివి బయటపడగా, ఆనర్సువారు మూడేండ్లు ఒకే శాస్త్రమును పట్టుకొని కూర్చుండెడివారు. చరిత్ర పట్టినవానికి చరిత్రయే లోకము. గణితము పట్టినవానికి గణితమే. ఎక్కడ త్రవ్వుచున్నారో అక్కడనే మరింత లోతునకు త్రవ్వుట ఆనర్సు అని మన పెద్దల భావన. ఆ చదువు చదివినవారిలో మహాపండితులు వెలసినమాట నిజము.

ఇదే మాట అమెరికాకు చేరి దాదాపు తలక్రిందులైన అర్థమును సంపాదించుకొన్నది. అచ్చటి పెక్కు కళాశాలలలో ఆనర్సు విద్యార్థి యనగా, తాను ఎన్నుకొన్న శాస్త్రముతోపాటు దానికి ఏ చుట్టరికమును లేనట్లు కనిపించు సాహిత్యము, దర్శనము, చరిత్ర, కళ మొదలైనవానిని ఒకే బల్లచుట్టు నలుగురితో కలిసి చదువువాడు. లోతు పోయి వెడల్పు వచ్చినదా? లేక వెడల్పే మరియొక విధమైన లోతా? ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె ఒక కళాశాలను ఎదుట పెట్టుకొని పరిశీలించుట మేలని మాకు తోచినది. మేము ఎన్నుకొన్నది ఇండియానా రాష్ట్రమునందలి వాల్పరేజో విశ్వవిద్యాలయములో 1967లో ఏర్పడిన క్రైస్టు కాలేజి. అది క్రైస్తవ సంస్థయగుటచే ఇంకొక ప్రశ్న కూడ దానితో పెనవేసికొనియున్నది. ఒక మతవిశ్వాసము పునాదిగా నిలిచిన సంస్థ, ఆ విశ్వాసమును కాదను గ్రంథములను సైతము తన చురుకైన విద్యార్థుల చేతిలో పెట్టి, ‘నిర్భయముగా వాదింపుడు’ అని చెప్పగలదా?

ముందు ఈ ఆనర్సు అమెరికాలో ఎట్లు పుట్టినదో రెండు మాటలు చెప్పవలెను. ఇండియానాలోనే పుట్టి, రోడ్సు పండితవేతనముపై 1905లో ఆక్స్‌ఫర్డుకు వెళ్ళి చదివిన ఫ్రాంకు ఏడెలాట్ అను ఆంగ్లాచార్యుడు 1921లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలకు అధ్యక్షుడైనాడు. అది క్వేకరులను క్రైస్తవ శాఖవారు స్థాపించిన కళాశాల. మరుసటి సంవత్సరమే అతడు అచ్చట ఆనర్సు చదువును ప్రారంభించినాడు. చివరి రెండేండ్లు విద్యార్థికి రోజువారీ తరగతులు లేవు. చిన్న చిన్న గోష్ఠులు, స్వయముగా చేయు పఠనము మాత్రమే. అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరియొకటి. పాఠము చెప్పినవాడు పరీక్షింపరాదు. పరీక్షకులు ఇతర విద్యాలయములనుండి రావలెను. దీనివలన గురుశిష్యులిద్దరును ఒక పక్షమునకు చేరి, పరీక్షకుని ఎదుర్కొనుటకు కలిసి పని చేసిరి. విద్యార్థులందరిచేత సైనికుల కవాతువలె ఒకే అడుగు వేయించు పద్ధతి మేధను చంపివేయునని ఏడెలాట్ వాదము. 1944లో ఆ విషయమై ఒక గ్రంథమునే ప్రకటించినాడు.

ఇంచుమించు అదే కాలమున, 1920లో, న్యూయార్కు కొలంబియాలో జాన్ ఎర్‌స్కిన్ వారమునకొక మహాగ్రంథము చదివి చర్చించు తరగతిని పెట్టినాడు. ఒక్కొక్క తరగతికి ఇద్దరేసి ఆచార్యులు. ఇద్దరెందుకనగా, ఇద్దరి అభిప్రాయములు ఒకటి కాకుండుటకే! గురువులు తమలో తాము విభేదించుట కన్నులార చూచిన విద్యార్థికి తానును నోరు విప్పవచ్చునను ధైర్యము కలుగును గదా. స్వార్త్‌మోర్ మార్గము లోతునకు, కొలంబియా మార్గము వెడల్పునకు దారి తీసినవి. మన ఆనర్సు మొదటిదానికి దగ్గరి చుట్టము. మేము చెప్పబోవునది రెండవదాని వంశమునకు చెందినది.

ఇక వాల్పరేజో సంగతి. ఆకాశవాణిలో పని చేయువారికి పేర్ల ఉచ్చారణతో నిత్యము పేచీయే కనుక ముందుగా ఆ మాట తీర్చెదము. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు రేవుపట్టణము వల్పరైసో. ఇండియానా పట్టణపు పేరు దానినుండి వచ్చినదే. 1814లో ఆ రేవు చెంత ఆంగ్లేయుల నౌకలతో పోరాడి ఓడిపోయిన అమెరికా నౌకాధిపతి డేవిడ్ పోర్టరు పేరట ఆ జిల్లా ఏర్పడగా, జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరు ఆ యుద్ధము జరిగిన రేవు పేరు పెట్టుకొన్నది. ఓడిన యుద్ధమును ఇంత గౌరవముగా గుర్తుంచుకొన్న ఊళ్ళు లోకములో అరుదు. కాని స్పానిషువారి పలుకు అచ్చటివారికి అక్కరలేదు. ‘వాల్పరేజో’ అందురు, ముద్దుగా ‘వాల్పో’ అందురు. షికాగో మహానగరమునకు ఆగ్నేయముగా సుమారు 50 మైళ్ళ దూరములో, మిషిగన్ సరస్సుకు కొంచెము దక్షిణముగా ఉన్నది.

అచ్చటి విద్యాలయము పుట్టి, గిట్టి, మరల పుట్టినది. 1859లో మెథడిస్టు క్రైస్తవులు స్త్రీ పురుషులిద్దరికిని చదువు చెప్పుటకై దానిని స్థాపించినారు. ఆడపిల్లలను మగపిల్లలతో సమానముగా కళాశాలలో చేర్చుకొనుట ఆ దేశములో కూడ అప్పటికి వింతయే. అంతర్యుద్ధపు దెబ్బకు తట్టుకొనలేక 1871లో మూతపడినది. 1873లో హెన్రీ బేకర్ బ్రౌన్ అను ఉపాధ్యాయుడు దానిని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలగా తిరిగి తెరచినాడు. తక్కువ ఫీజు, చౌకలో భోజనము, వసతి. వచ్చినవారినెల్ల చేర్చుకొనుట ఇతని పద్ధతి. వేలకొలది పేద విద్యార్థులు వచ్చి చేరినారు. ‘పేదవాని హార్వర్డు’ అని దానికి పేరు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత మరల కష్టదశ. 1923లో నల్లవారిని, యూదులను, కేథలిక్కులను ద్వేషించు కూ క్లక్సు క్లాను అను దుష్టసంఘము దానిని కొనుటకు ప్రయత్నించినది. ఆ బేరము కుదరలేదు. కుదిరియుండినచో ఈ వ్యాసము వ్రాయు అవసరము మాకు కలిగెడిది కాదు. 1925లో లూథరను క్రైస్తవ గృహస్థులును, మతాచార్యులును ఒక సంఘముగా ఏర్పడి దానిని కొన్నారు.

లూథరను అను మాట గుంటూరు ప్రాంతపు పాఠకులకు క్రొత్తది కాదు. 1842లో హయ్యరు దొర గుంటూరు వచ్చుటయు, 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల స్థాపింపబడుటయు అమెరికా లూథరనుల పనియే. వాల్పరేజోను కొన్నవారు అదే మతమునందు వేరొక శాఖకు చెందినవారు. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. కొన్నది చర్చి కాదు. చర్చికి చెందిన మనుష్యులు ఏర్పరచుకొన్న స్వతంత్ర సంఘము. కనుక విద్యాలయము విశ్వాసముతో నడచునే కాని మతాధికారుల ఉత్తరువులతో నడువదు. ఏమి బోధింపవలెను, ఏది చదువరాదు అను తగవు వచ్చినప్పుడు ఈ భేదము ఎంత విలువైనదో అర్థమగును.

1940 మొదలు 1968 వరకు అధ్యక్షుడుగా నున్న ఓ. పి. క్రెట్స్‌మన్ కాలములో విద్యాలయము పెద్దదైనది. ఇంజనీరింగు, నర్సింగు శాఖలు బలపడినవి. 1959లో ఆవరణ నడుమ మహత్తరమైన ప్రార్థనాలయము వెలసినది. అప్పటికి దేశమంతట మరియొక గాలి వీచుచుండెను. 1957లో రష్యావారు స్పుట్నిక్కును ఆకాశమునకు పంపగానే అమెరికా ఉలికిపడి, మేధావులైన విద్యార్థులను ముందుకు త్రోయవలెనని తొందరపడినది. అనేక విద్యాలయములలో ఆనర్సు తరగతులు ఆ తొందరలోనే మొలచినవి. తొందర ఎక్కువైనచోట ఆనర్సు అనగా మరింత వేగము, మరింత పాఠము, మరిన్ని మార్కులు. పదిమందిలో ముందు పరుగెత్తువానికి ఇంకను పొడవైన దారి చూపుట. క్రెట్స్‌మన్ హయాములో ఏర్పడిన క్రైస్టు కాలేజి ఈ త్రోవ త్రొక్కలేదు. దానికి మొదటి డీనుగా రిచర్డు బెప్లర్ పని చేసినాడు.

దాని నిర్మాణము కొంత విచిత్రమైనది. క్రైస్టు కాలేజి విద్యాలయములో అంతర్భాగమైన ఒక కళాశాల. కాని దానిలో మాత్రమే చదువుటకు వీలులేదు. ప్రతి విద్యార్థియు ముందు వేరొక కళాశాలకు చెందవలెను. ఒకడు ఇంజనీరింగు, ఒకతె నర్సింగు, ఇంకొకడు వాణిజ్యము, మరియొకడు భౌతికశాస్త్రము. వీరందరును తమ తమ చదువులు చదువుకొనుచునే క్రైస్టు కాలేజిలో సభ్యులగుదురు. పుట్టినింటి సంబంధము వదలక మెట్టినింట మెలగు ఆడపడుచువంటి స్థితి యనవచ్చును. ప్రతిభావంతులను వేరుచేసి ఒక అగ్రహారమునందుంచినచో వారికి గర్వము, తక్కినవారికి అసూయ కలుగుట సహజము. ఈ రెండిండ్ల ఏర్పాటు ఆ దోషమును పూర్తిగా పోగొట్టునని చెప్పజాలము గాని, చాల వరకు తగ్గించును.

మొదటి సంవత్సరము ఈ విద్యార్థులకు పెద్ద పఠనము. రెండు సెమిస్టరులు సాగు ఈ పాఠ్యక్రమములో చరిత్ర, సాహిత్యము, దర్శనము, మతము, సమాజశాస్త్రము, చిత్రకళ, సంగీతము అన్నియు కలియును. సాధారణముగా నాలుగైదు శాఖలవారు పంచుకొని చెప్పు విషయములను ఒకే తరగతి మోయును. చిన్న చిన్న జట్లుగా విద్యార్థులు ఆచార్యునితో కూడి కూర్చుండి మూలగ్రంథమునే చర్చింతురు. గ్రంథముపై ఇతరులు వ్రాసిన నోట్సు కాదు. ఆచార్యుడు ప్రశ్న వేయును. జవాబు వచ్చిన తరువాత ‘ఆ మాట గ్రంథములో ఎక్కడ ఉన్నది?’ అని మరల అడుగును. తరచుగా వ్యాసము వ్రాయవలెను, వ్రాసినదానిని దిద్దించుకొనవలెను, మరల వ్రాయవలెను. గణితములో నూటికి నూరు తెచ్చుకొని వచ్చిన ఇంజనీరింగు పిల్లవాడు తన మొదటి వ్యాసము ఎఱ్ఱసిరాతో నిండి తిరిగి వచ్చుట చూచి ఎంత నివ్వెరపోవునో ఊహింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది ఇతర కళాశాలలలోను కొంత కొంత కలదు. వాల్పరేజోకు ప్రత్యేకమైనది ఇకమీదటిది. మొదటి సెమిస్టరులో ఆ యేడు చేరిన విద్యార్థులందరును కలిసి ఒక నాటకము వ్రాసి ప్రదర్శింపవలెను. ఎవరో వ్రాసిన నాటకమును వేయుట కాదు. కథ వారిదే, సంభాషణలు వారివే, పాటలు వారివే, పాటలకు వరుసలును వారివే. సంగీతనాటకమన్నమాట. చదివిన గ్రంథములలో తలయెత్తిన ప్రశ్నలే దానికి వస్తువు. ఊరు విడిచి వచ్చి ఇంకను రెండు మూడు నెలలు కాలేదు. ఒకరినొకరు సరిగా ఎరుగరు. అందులో పాడగలవారు కొందరు, సుత్తి పట్టగలవారు కొందరు, ఏమియు చేతగాదని మూల కూర్చుండువారు మరికొందరు. అయినను అందరికిని ఏదో ఒక పని ఉన్నది. రంగస్థలము కట్టవలెను, దుస్తులు కుట్టవలెను, దీపములు అమర్పవలెను, వాద్యములు వాయింపవలెను.

మన కళాశాలలలో వార్షికోత్సవ నాటకములు లేవా అని పాఠకులు అడుగవచ్చును. ఉన్నవి, ఆంధ్రదేశమునకు నాటకపు పిచ్చి ఎవరును నేర్పనక్కరలేదు. కాని మనవద్ద అది చదువుకు విరామము. పరీక్షలు దగ్గరపడగానే తండ్రులు వద్దనునది. అచ్చట అది చదువులోనే భాగము. ఈ భేదమును మేము చిన్నదిగా భావించుట లేదు. న్యాయమనగా నేమి అను ప్రశ్నపై పది పుటల వ్యాసము వ్రాయువాడు తనకు తోచినది తాను వ్రాసికొని పోవచ్చును. అదే ప్రశ్నను రంగముమీదికి తెచ్చునప్పుడు, న్యాయము పలుకు పాత్రకు ఒక ముఖము కావలెను, దానిని ఎదిరించు పాత్రకు కూడ సమానమైన బలము కావలెను. లేనిచో నాటకము నిలువదు. ఎదిరిపక్షమును బలహీనముగా చిత్రించిన రచయితను ప్రేక్షకుడు మొదటి అంకములోనే పట్టుకొనును. మరియును, తాను మోహించి వ్రాసిన పాట కథకు అడ్డువచ్చుచున్నదని స్నేహితులందరు చెప్పినప్పుడు దానిని తీసివేయుట ఏ పరీక్షయు నేర్పలేని విద్య. రేడియో నాటకముల ప్రతులు కత్తిరించు పనిలో ఇన్నేండ్లు గడపిన మాకు ఆ బాధ ఎట్టిదో కొంచెము తెలియును.

రెండవ సెమిస్టరులో వాదోపవాదములు. జట్లుగా ఏర్పడి, లోకవ్యవహారమునకు సంబంధించిన ఒక ప్రతిపాదనను ఒక పక్షమువారు సమర్థింపగా మరియొక పక్షమువారు ఖండింతురు. నాటకమునందు ఇరుపక్షముల గొంతును ఊహించినవారు ఇచ్చట ఒక పక్షమున నిలబడి మాటాడవలెను. తరువాతి సంవత్సరములలో ఎన్నుకొనుటకు వీలైన గోష్ఠులు ఉండును. చివరి సంవత్సరమున మరల అందరిని ఒకచోట చేర్చు చర్చ కలదు. అన్నియు నెరవేర్చినవారికి ‘క్రైస్టు కాలేజి స్కాలరు’ అను గుర్తింపు పట్టముతోపాటు లభించును.

‘అనేక శాస్త్రములను కలిపి చదువుట’ అను మాట వినుటకు ఇంపుగా నుండును గాని, ఆచరణలో అది పులుసులో అన్ని కూరలు వేయుట వంటిది కారాదు. దాని అసలు అర్థము తేటపడుటకు ఆ ప్రాంతమునుండియే మేమొక ఉదాహరణ తీసికొందుము. ఇది వారి పాఠ్యక్రమములో ఉన్నదని మేము చెప్పుట లేదు. ఆ ఊరికి దగ్గరలో కంటికి కనిపించు విషయము గనుక చెప్పుచున్నాము.

వాల్పరేజోకు ఉత్తరమున మిషిగన్ సరస్సు ఒడ్డున విస్తారమైన ఇసుక తిన్నెలు కలవు. షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ కౌల్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ తిన్నెలను పరిశీలించి 1899లో ప్రకటించిన వ్యాసములు ఆ శాస్త్రమున మైలురాళ్ళు. నీటి ఒడ్డున వట్టి ఇసుక. కొంచెము లోనికి నడచిన గడ్డి. ఇంకను లోనికి పొదలు, దేవదారు జాతి చెట్లు. చివరకు దట్టమైన అడవి. సరస్సునుండి లోనికి నడచువాడు శతాబ్దముల కాలములో నడచుచున్నాడని కౌల్స్ చూపినాడు. ఒక జాతి మొక్క నేలను సిద్ధపరచి మరియొక జాతికి చోటిచ్చి తాను తప్పుకొనును. ఇదే ఒడ్డున 1906లో ఉక్కు సంస్థ గ్యారీ నగరమును కట్టినది. ఇసుక సమమైనది, కొలుములు మండినవి, వేలమందికి కూలి దొరకినది. 1960 ప్రాంతమున మిగిలిన తిన్నెలపై మరియొక ఉక్కు కర్మాగారము, రేవు కట్టవలెనని ఒక పక్షము, కట్టరాదని మరియొక పక్షము పోరాడినవి. ఇలినాయి సెనేటరు పాల్ డగ్లస్ తిన్నెల పక్షమున నిలిచినాడు. చివరకు రెండును జరిగినవి. కర్మాగారము, రేవు వచ్చినవి. 1966లో మిగిలిన తీరమును జాతీయ సంరక్షణ క్రిందికి తెచ్చినారు. 2019లో అది జాతీయోద్యానవనమైనది.

ఈ తగవులో ఎవరిది న్యాయము? వృక్షశాస్త్రజ్ఞుడు ఇసుకను చూచును. అర్థశాస్త్రజ్ఞుడు కూలిని చూచును. ఇంజనీరు రేవు లోతును చూచును. చరిత్రకారుడు అంతకుముందు ఆ నేలపై నున్న పొటవాటమీ తెగవారిని జ్ఞాపకము చేయును. ధర్మశాస్త్రము చదివినవాడు, మాట లేని చెట్టు పక్షమున మాటాడుటకు మనకు ఏమి అధికారము అని అడుగును. ఒక్కొక్కరు చెప్పునది నిజమే. ఏ ఒక్కరు చెప్పునదియు చాలదు. ఇంజనీరు వృక్షశాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. కాని అతడు చెప్పినది విని, అందులో ఏ భాగము తన లెక్కను మార్చునో గ్రహింపగలవాడు కావలెను. క్రైస్టు కాలేజివంటి చోట్ల నేర్పదలచినది ఈ వినుట. వెడల్పు మరియొక విధమైన లోతు కాగలదా అను మా మొదటి ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము మాకు దొరకలేదు.

మతవిశ్వాసము మాట ఏమి? ఈ విషయమై క్రైస్టు కాలేజిలోనే పని చేసిన మార్కు ష్వేన్ 1993లో ఒక గ్రంథము వ్రాసినాడు. అంతకుముందు షికాగో విశ్వవిద్యాలయమున బోధించి, తరువాత వాల్పరేజోకు వచ్చి, 1990 మొదలు పుష్కరకాలమునకు పైగా ఇచ్చట డీనుగా నున్నవాడు. ‘ఏదెను వనమునుండి వెడలగొట్టబడినవారు’ అని ఆ గ్రంథనామమునకు అర్థము. జర్మను సమాజశాస్త్రజ్ఞుడు మాక్సు వేబరు 1917లో చేసిన ప్రసిద్ధోపన్యాసముతో అతనికి తగవు. పండితుని ధర్మము తన చిన్న క్షేత్రములో క్రొత్త జ్ఞానమును ఉత్పత్తి చేయుటయే, శిష్యుల శీలమును దిద్దుట అతని పని కాదు అని వేబరు మతము. ఈ అభిప్రాయమే ఆధునిక విశ్వవిద్యాలయములను ఆక్రమించినదనియు, దానివలన బోధన రెండవ పీటకు జారినదనియు ష్వేన్ ఆక్షేపించినాడు. నలుగురు కలిసి సత్యమును వెదకవలెనన్న కొన్ని గుణములు ఉండవలెను. వినయము, నమ్మకము, స్వార్థత్యాగము, పరులయెడ ప్రేమ. ఇవి మతములు పెంచిన గుణములు. ఇవి లేనిచో చదువే సాగదు అని అతని వాదము. వినయమనగా తలవంచుట కాదు. చదువుచున్న గ్రంథము మనకు తెలియనిది చెప్పుచుండవచ్చునని ముందుగా అనుకొని చదువుట. ప్రేమ యనగా ఎదుటివాని వాదమును దాని బలమైన రూపములో తీసికొనుట.

ఈ మాట మాకు బాగుగనే తోచినది. మన గురుకుల సంప్రదాయమునందు శుశ్రూష, శ్రద్ధ అనునవి ఇంచుమించు ఇవే. శుశ్రూష యనగా మూలార్థము వినగోరుట గదా! కాని ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఈ గుణములు మతము లేనివారిలో ఉండవా? నాస్తికుడైన ఆచార్యుడు వినయశీలి కాలేడా? ష్వేన్ దానిని కాదనలేదు. అట్టివారు ఆ గుణములను ఏ సంప్రదాయమునుండి పొందినారో మరచిపోయినారని మాత్రము అన్నాడు. ఈ సమాధానము అందరిని తృప్తిపరచదు. మమ్ము పూర్తిగా తృప్తిపరచలేదు.

క్రైస్తవ కళాశాలలన్నియు ఒక్క తీరున నడువవని కూడ చెప్పవలెను. కాలిఫోర్నియాలోని బయోలా విశ్వవిద్యాలయములో 1995లో ప్రారంభమైన టోరీ ఆనర్సు చదువు కూడ ప్రాచీన మహాగ్రంథములను ప్రశ్నోత్తర పద్ధతిని చర్చించునదే. 2020లో అది కళాశాల హోదా పొందినది. అచ్చట డిగ్రీ తరగతులలో చేరు విద్యార్థి తాను క్రైస్తవుడనని ముందుగా ప్రకటింపవలెను. అనగా బల్లచుట్టు కూర్చున్నవారందరును ఒక మూలవిషయమున ఏకాభిప్రాయము కలవారు. చర్చ అచ్చటనుండి మొదలగును. వాల్పరేజోలో అట్టి నిబంధన లేదు. ఏ మతమువాడైనను, ఏ మతమును లేనివాడైనను చేరవచ్చును. మొదటి పద్ధతిలో మాటలు త్వరగా లోతునకు పోవుటకు అవకాశము ఎక్కువ. రెండవదానిలో పునాదిని కూడ ప్రశ్నించువాడు పక్కనే కూర్చుండును. కుటుంబములోని వాదము వేరు, రచ్చబండపై వాదము వేరు. మా మొగ్గు రచ్చబండవైపు.

ఇట్టి చదువునకు డబ్బు కావలెను. వందమందికి ఒక ఉపన్యాసము చెప్పించుట చౌక. కొద్దిమందికి ఒక ఆచార్యుని కూర్చుండబెట్టుట ఖర్చు. 1991లో లిల్లీ ధర్మనిధి సహాయముతో క్రైస్టు కాలేజి కేంద్రముగా ఒక పథకము ఏర్పడి, పిహెచ్. డి. ముగించిన యువపండితులు చర్చితో సంబంధముగల కళాశాలలలో బోధించుటకు శిక్షణ పొందు అవకాశము కలిగినది. అది మేలైన కాలము. తరువాత అమెరికాలోని చిన్న కళాశాలలకు చేరువారి సంఖ్య తగ్గజొచ్చినది. 1879లో పుట్టిన వాల్పరేజో న్యాయకళాశాల 2020లో మూతపడినది. 2023లో విశ్వవిద్యాలయము తన చిత్రశాలలోని మూడు విలువైన చిత్రములను అమ్మి, ఆ సొమ్ముతో విద్యార్థుల వసతిగృహమును బాగుచేయుదునని ప్రకటించినది. వానిలో ఒకటి జార్జియా ఓకీఫ్ 1930లో వ్రాసిన ఎఱ్ఱని కొండల చిత్రము. పెద్ద గొడవ చెలరేగినది. ఎవరి పేరట ఆ చిత్రశాల ఏర్పడినదో ఆ వృద్ధాచార్యుడే తన పేరు తీసివేయుడని నిరసించినాడు. చిత్రమును చూచుట కూడ ఒక చదువని బోధించు విద్యాలయము చిత్రమును అమ్ముకొనవలసివచ్చుట విచారకరమే. కాని కారుచున్న కప్పు క్రింద నిద్రించు విద్యార్థిని అడిగినచో అతడు ఏమి చెప్పునో! ఇది వారి వాదతరగతికి తగిన ప్రతిపాదన.

మన దేశములో 2020 జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీని ప్రతిపాదించి, అనేక శాస్త్రములను కలిపి చదువవలెనని కూడ చెప్పినది. పాత ఆనర్సు మాట క్రొత్త అర్థముతో తిరిగి వచ్చినదన్నమాట. చిక్కు ఎక్కడ వచ్చుననగా పరీక్షవద్ద. విశ్వవిద్యాలయమునకు అనుబంధించిన కళాశాలలో పాఠము చెప్పువాడొకడు, ప్రశ్నపత్రము కూర్చువాడొకడు, జవాబులు దిద్దువాడు ఇంకొకడు. ముగ్గురును ఒకరి ముఖమొకరు చూచుకొనరు. స్వార్త్‌మోర్‌లో కూడ బయటి పరీక్షకులే గదా అందురేమో. అచ్చట బయటివాడు వచ్చి విద్యార్థితో కూర్చుండి మాటాడును. ఇచ్చట అతడు కట్టలు విప్పి దిద్దును. పద్దెనిమిదేండ్ల పిల్లలు కలిసి కట్టిన నాటకమునకు ఏ కట్టలో చోటున్నది? స్వయంప్రతిపత్తి గల కళాశాలల సంగతి వేరు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల వంటివి తమ పాఠ్యక్రమమును, తమ పరీక్షలను తామే ఏర్పరచుకొనవచ్చును. వాని పాఠ్యమండలి అంగీకరించినచో, మొదటి సంవత్సరపు విద్యార్థులలో ఇరువదిమందిని వివిధ శాఖలనుండి తీసికొని, ఒక గదిలో ఒక గుండ్రని బల్లచుట్టు ఇద్దరు అధ్యాపకులతో కూర్చుండబెట్టుటకు చట్టపు అడ్డంకి ఏమియు లేదు. కావలసినది కాలపట్టికలో అన్ని శాఖలవారికిని ఒకే సమయమున ఖాళీగానుండు రెండు గంటలు. కళాశాలలలో కాలపట్టిక వేసిన అనుభవముగలవారికి, ఆ రెండు గంటలు దొరకించుట ఎంత కష్టమో మేము చెప్పనక్కరలేదు.